లెక్కకు రాని బిడ్డలు

2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చిన రోజున ఈ దేశ ముస్లిములకు కొత్త హక్కు ఏదీ దక్కలేదు. దక్కింది ఒక లెక్క. అంతవరకు మన వెనుకబాటును గురించి ఎవరికి తోచినట్లు వారు మాట్లాడేవారు. బుజ్జగింపులతో బాగుపడ్డవారని కొందరు, పిల్లలందరినీ మదర్సాలకే పంపుతారని మరికొందరు నిందలు వేసేవారు. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం బాలల్లో నాలుగో వంతు మంది అసలు బడిలో చేరనివారో, చేరి మానివేసినవారో అని ఆ కమిటీ తేల్చింది. మదర్సాలలో చదివేది బడి ఈడు పిల్లల్లో నూటికి నలుగురేనని కూడా తేల్చింది. అంకెలు మాట్లాడిన తరువాత ఆ నోళ్ళు కొంతైనా మూతపడ్డాయి. మరుసటి ఏడాది, 2007లో, మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించిన చట్టం సైతం పి.ఎస్. కృష్ణన్ వర్గాల వారీగా జరిపిన అధ్యయనం పునాదిగానే వచ్చింది.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ ఉద్యోగం నాకు నేర్పిన సత్యం ఒకటుంది. కాగితం మీద లేని మనిషికి ప్రభుత్వం దృష్టిలో ఉనికి లేదు. రేషను కార్డులో పేరు లేని ముసలమ్మ ఆకలి ప్రభుత్వానికి వినపడదు. జనన ధ్రువపత్రం లేని పిల్లవాడి వయస్సు ప్రభుత్వానికి తెలియదు. సచార్ నివేదిక పుణ్యమా అని ఈ సత్యం మన సమాజానికీ బోధపడింది. అయితే ఆ పాఠాన్ని మన ఇళ్ళలోనే ఉన్న మరో మైనారిటీకి సమాజం ఇంకా అన్వయించుకోలేదు. చూపు లేని పిల్లలు, వినికిడి లేని పిల్లలు, నడవలేని పిల్లలు, ఎదుగుదల మందగించిన పిల్లలు ఆ మైనారిటీ. వారి చదువును గురించే ఈ వ్యాసం.

అభివృద్ధిలో వారి వాటా

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ కలిసి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించాయి. వాటిని చేరుకోవలసిన గడువు 2030. వాటిలో నాలుగో లక్ష్యం విద్య. అందరినీ కలుపుకొనిపోయే, సమానమైన, నాణ్యమైన విద్య అని దాని సారాంశం. దివ్యాంగులైన పిల్లల పేరును ఆ లక్ష్యంలో ప్రత్యేకంగా చేర్చారు. సుస్థిరాభివృద్ధి అంటే నేటి అవసరాలు తీర్చుకుంటూనే రేపటి తరం బతుకుకు గండి కొట్టని అభివృద్ధి.

పత్తి, మిర్చి పండించే ఈ నేలమీద ఆ మాటకు పెద్ద వ్యాఖ్యానం అక్కరలేదు. ఏటికేడాది అదే పైరు వేసి, మందు మీద మందు కొట్టిన రైతు తొలి కొన్నేళ్ళ దిగుబడి చూసి మురిసిపోతాడు. భూసారం కరిగాక అప్పు చూసి కుంగిపోతాడు. నేలను పట్టించుకోని సేద్యం నిలవదు. మనుషులను పట్టించుకోని అభివృద్ధీ అంతే. 2021లో యూనిసెఫ్ ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచంలో వైకల్యం గల పిల్లలు దాదాపు 24 కోట్ల మంది, అంటే ప్రతి పదిమందిలో ఒకరు. పదెకరాల ఆసామి ఒక ఎకరాన్ని ఏటా బీడు పెట్టి, కుటుంబం గడవడం లేదని వాపోతే ఊరు ఏమంటుంది?

మన దేశంలో 2011 జనగణన 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులను లెక్కించింది. వారిలో 5 నుంచి 19 ఏళ్ళ వారిని విడిగా చూస్తే, నాలుగో వంతుకు పైగా ఏనాడూ ఏ విద్యాసంస్థలోనూ అడుగుపెట్టనివారు. ఇది లెక్కకు వచ్చినవారి సంగతి. గణకుడు గుమ్మం ముందు నిలబడి అడిగినప్పుడు, పెళ్ళి కావలసిన అక్క సంబంధం చెడిపోతుందని భయపడి, లోపలి గదిలో ఉన్న బిడ్డను గురించి మాట్లాడని ఇళ్ళు ఆ లెక్కలోకి రావు.

ఒక బిడ్డ బడికి దూరమైతే నష్టం ఆ బిడ్డతో ఆగదు. కనిపెట్టుకొని ఉండడానికి తల్లి కూలి మానుకోవాలి, లేదా అక్క బడి మానుకోవాలి. పేద ఇళ్ళలో తరచుగా బడి మానేది అక్కే. అంటే ఒక బిడ్డకు తలుపు మూసిన బడి నిజానికి ఇద్దరికి మూసినట్లు. చదువు ఆగిన ఆ అక్క రేపు తల్లి అవుతుంది. పేదరికం ఒక తరం నుంచి మరో తరానికి ఇలా ఆస్తిలాగా సంక్రమిస్తుంది. సుస్థిరాభివృద్ధికి దీనికన్నా పెద్ద శత్రువు ఏముంది?

సహిత విద్య అంటే ఏమిటి?

ఇంగ్లీషులో ఇంక్లూజివ్ ఎడ్యుకేషన్ అనే దానిని మన విద్యాశాఖ సహిత విద్య అంటున్నది. 1994లో స్పెయిన్ దేశంలోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చొని ఈ సూత్రానికి అంతర్జాతీయ ఆమోదం ఇచ్చారు. మన పార్లమెంటు 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం దానిని న్యాయసూత్రంగా మార్చింది. వైకల్యం గల పిల్లలు, వైకల్యం లేని పిల్లలు కలిసి చదవాలి, బోధన పద్ధతి ఆ పిల్లలకు తగినట్లు మారాలి అని ఆ చట్టం నిర్వచనానికి తాత్పర్యం. ఇందులో రెండో సగమే కీలకం. వినపడని పిల్లవాడిని చివరి బెంచీలో కూర్చోబెట్టి హాజరు వేస్తే మొదటి సగం నెరవేరినట్లు కనిపిస్తుంది. చదువు మాత్రం జరగదు.

బిడ్డ కోసం బడి మారడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. మిర్చి కోతల కాలంలో కోసిగి, మంత్రాలయం వంటి కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు పొలాలకు వలస వస్తాయి. పిల్లలు తల్లిదండ్రుల వెంట వచ్చి చదువు పోగొట్టుకోకుండా ఉండేందుకు సొంత ఊళ్ళలో సీజనల్ హాస్టళ్ళు నడపడం అలవాటయింది. వాటిలో లోపాలు ఉండవచ్చు. కాని, బడి తన క్యాలెండరుకు బిడ్డను బలవంతాన వంచకుండా, బిడ్డ బతుకును బట్టి తానే కొంత వంగాలనే సూత్రాన్ని అంగీకరించినట్లే కదా. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డకు వాలుదారి, చూపు తక్కువైన బిడ్డకు పెద్ద అక్షరాల పుస్తకం, చెవిటి బిడ్డకు సంజ్ఞల భాష తెలిసిన ఉపాధ్యాయురాలు కూడా ఆ సూత్రం పరిధిలోనివే.

2016 చట్టం మరో మేలు చేసింది. అంతకు ముందు 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. ఇప్పుడు 21 రకాలను గుర్తిస్తున్నారు. చదవడంలో, రాయడంలో, లెక్కలు చేయడంలో కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది వాటిలో ఒకటి. తెలివి తక్కువ లేకపోయినా అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లలు వీరు. మన పేటల్లో అలాంటి బిడ్డకు చాలాకాలంగా ఉన్న పేరు మొద్దు. నాలుగో తరగతిలో మొద్దు అనిపించుకున్నవాడు ఆరులో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరతాడు. ఏ స్క్రూకు ఏ పానా పట్టాలో నెల రోజుల్లో నేర్చేస్తాడు. బుర్ర లేనివాడు అంత త్వరగా ఎలా నేర్చాడని ఎవరూ అడగరు. సచార్ కమిటీ లెక్కించిన ఆ నాలుగో వంతులో ఇలాంటి పిల్లలు ఎందరున్నారో ఆలోచించవలసిన సమయం వచ్చింది.

మెట్ల మీది చదువులు

గుంటూరులో చదువులకు బ్రాడీపేట పెట్టింది పేరు. లైన్లూ అడ్డరోడ్లూ అన్నీ ట్యూషన్లు, కోచింగ్ కేంద్రాలు, పుస్తకాల దుకాణాలే. వీటిలో అధికభాగం మొదటి అంతస్తులోనో, రెండో అంతస్తులోనో ఉంటాయి. ఇరుకైన మెట్లు ఎక్కలేని విద్యార్థికి ఈ చదువుల పేట ఒక మూసిన గోడ. ఇక్కడి నుంచి రైలుకట్ట దాటి లాలాపేట, ఆనందపేట వైపు వెళితే గోడ మరో రూపంలో కనిపిస్తుంది. తండ్రి యార్డులో టిక్కీలు మోస్తాడు, లేదా తోపుడు బండి నడుపుతాడు. తల్లి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. నడవలేని బిడ్డను బడికి ఎత్తుకొని వెళ్ళి, సాయంత్రం తిరిగి తెచ్చేవారు ఎవరు? బడి అర కిలోమీటరే కావచ్చు. ఎత్తుకునే చేతులు లేనప్పుడు అర కిలోమీటరూ అర కోసూ ఒకటే.

ఇళ్ళు తిరిగి దరఖాస్తులు రాసిపెట్టే పనిలో నాకు పదే పదే ఎదురైన సంగతి ఒకటి చెప్పాలి. సదరం ధ్రువపత్రం కోసం కుటుంబాలు పడే శ్రమ సామాన్యమైనది కాదు. సచివాలయంలో స్లాటు తీసుకొని, ఆసుపత్రి చుట్టూ తిరిగి, కూలి పోగొట్టుకొని, ఆ కాగితం సాధిస్తారు. దేనికోసం? పింఛను కోసం. 2024లో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పేద ఇంటికి అది పెద్ద ఊరట. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని అదే కాగితం తీసుకొని బడికి వెళ్ళిన కుటుంబాలు నాకు అరుదుగా కనిపించాయి. పింఛను ఇప్పించిన కాగితం చదువు కూడా ఇప్పించగలదని వారికి చెప్పినవారు లేరు.

చెప్పవలసినవి చాలా ఉన్నాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు. సమీపంలోని సాధారణ బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది ఎంచుకొనే స్వేచ్ఛ కూడా ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. మంచం దిగలేని బిడ్డకు ఉపాధ్యాయులు ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటు ఉంది. బడికి రాకపోకలకూ, వెంట వచ్చే సహాయకులకూ భత్యం ఉంది. ప్రత్యేక అవసరాలు గల ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ వైకల్యం గల పిల్లలను కూడా ప్రతికూల పరిస్థితుల్లోని వర్గంలో చేర్చింది. అంటే ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లకు వారూ అర్హులే. ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. పైమెట్టు మీద ఇన్ని తలుపులు తెరిచి ఉన్నా, కింది మెట్టు దగ్గర బిడ్డ ఇంట్లోనే ఉండిపోతే అవి ఎవరికోసం?

ప్రభుత్వం బాకీ

హక్కులు కాగితం మీద ఉన్నంత నిండుగా తరగతి గదిలో లేవు. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో మరల ఆదేశించవలసి వచ్చింది. ఆ తరువాతనే మన రాష్ట్రం 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. సంతోషమే. మంజూరు వేరు, భర్తీ వేరు, భర్తీ అయినవారు మన పేటల బడులకు రావడం వేరు అని ఫైళ్ళు చూసినవారికి తెలుసు. ఆ మూడింటి మధ్య దూరాన్ని తగ్గించేది ప్రజల అడుగుడే.

మైనారిటీ విద్యార్థుల విషయంలో బాకీ ఇంకా పెరిగింది. కేంద్రం 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్పును ఆపివేసింది. అదే ఏడాది మౌలానా ఆజాద్ ఫెలోషిప్పునూ నిలిపివేసింది. పేద ముస్లిం ఇంటిలో ఇద్దరు పిల్లలుంటే, ఉన్న కాస్త డబ్బూ ఎవరి చదువుకు పోతుంది? వైకల్యం లేని బిడ్డకే. అందుచేత ఆ కోతల దెబ్బ అందరికన్నా ఎక్కువగా తగిలింది, అందరికన్నా తక్కువగా మాట్లాడగల బిడ్డకే.

మన తలుపుల సంగతి

ఇక మన సంస్థల విషయానికి వద్దాం. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొనే హక్కును ఇచ్చింది. 2014 మేలో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విద్యాహక్కు చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని తీర్పు చెప్పింది. మనం దానిని స్వాగతించాం. అయితే 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. మినహాయింపు పొందిన సంస్థలు పేద, బలహీన పిల్లలకు ఏం చేశాయన్న ప్రశ్న రేపు మళ్ళీ లేస్తుంది. ఆ రోజున మన బడుల హాజరు పట్టీలే మన తరఫు సాక్ష్యం.

విద్యాహక్కు చట్టం నుంచి మినహాయింపు ఉన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలన్నిటినీ ఉద్దేశించినది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, భవనాన్ని అందుబాటులో ఉంచడం, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సదుపాయం కల్పించడం అందులో ఉన్నాయి. మనవాళ్ళు నడిపే బడికి ఒక తల్లి బిడ్డను తీసుకొని వెళ్ళినప్పుడు, ఇలాంటి పిల్లలకు వేరే బడులు ఉంటాయి అమ్మా అని తిప్పి పంపితే, అది ధర్మమూ కాదు, చట్టమూ కాదు. ఇల్లు అద్దెకు ఇవ్వనప్పుడు, మీకు వేరే పేటలు ఉన్నాయి కదా అని మనకు వినిపించే మాటకూ, ఈ మాటకూ తేడా ఎంత?

యాజమాన్యాలు చెప్పే ఇబ్బందులను నేను కొట్టిపారేయను. ఖర్చు అంటారు. వాలుదారికి, మరుగుదొడ్డిలో పట్టుకొనే కమ్మీకి అయ్యే ఖర్చు వార్షికోత్సవం పందిరి ఖర్చును మించదు. చూపు తక్కువైన బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టడానికి, బోర్డు మీద రాసింది పైకి చదవడానికి ఖర్చే లేదు. మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరని అంటారు. పక్కన కూర్చున్న స్నేహితుడికి నోట్సు చదివి వినిపించే పిల్లవాడు పోగొట్టుకునేది ఏమీ లేదని, దయ, ఓర్పు పుస్తకంలో కన్నా బాగా అక్కడే నేర్చుకుంటాడని వారికి చెప్పాలి. వినికిడి బొత్తిగా లేని పిల్లలకు సంజ్ఞల భాషలో చెప్పే ప్రత్యేక పాఠశాలే మేలు కాదా అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. కొందరు పిల్లలకు, కొన్ని దశల్లో, అదే మేలు కావచ్చు. అయితే ఎంపిక తల్లిదండ్రులది, బిడ్డది. తలుపు దగ్గర నిలబడిన ప్రిన్సిపాలుది కాదు.

దీన్ మాట వచ్చినప్పుడు మనకు ఉదాహరణల కొరత లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా అబస అవతరణకు నేపథ్యం అంధుడైన సహచరుడు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). జ్ఞానం కోరి వచ్చిన ఆ అంధుని పక్షాన అల్లాహ్ వాణి దిగివచ్చింది. తరువాతి కాలంలో ఆయన మదీనాలో అజాన్ పలికారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు నగర బాధ్యతలను అందుకున్నారు. ఆధునిక కాలంలో ఈజిప్టుకు చెందిన తాహా హుసేన్ ఉన్నారు. పసితనంలోనే చూపు పోయిన ఆయన పల్లెటూరి మక్తబ్‌లో మొదలుపెట్టి, 1914లో కైరో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. 1950లో విద్యామంత్రి అయి, దేశంలో ఉచిత విద్యను విస్తరింపజేశారు. ఆ మక్తబ్ ఉస్తాద్ గుడ్డివాడికి చదువెందుకని గుమ్మం దగ్గరే ఆపి ఉంటే నష్టపోయేది ఒక్క తాహా హుసేనేనా?

మొదట చేయవలసినవి

పెద్ద సంస్థలు, పెద్ద నిధులు వచ్చేవరకు ఆగనవసరం లేదు. ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలోని 18 ఏళ్ళ లోపు పిల్లల పట్టిక ఒకటి తయారు చేయవచ్చు. ఒక నోటు పుస్తకం, ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు చాలు. ఆడవారు ఉంటేనే లోపలి గదిలో ఉన్న బిడ్డ సంగతి తెలుస్తుంది. పేరు, వయస్సు, ఇబ్బంది ఏమిటి, సదరం ఉందా, బడిలో ఉన్నారా, ఇవే గడులు. ఆ వివరాలు గోప్యంగా ఉంచుతామని తల్లికి మాట ఇవ్వాలి, నిలబెట్టుకోవాలి. పట్టిక ఉన్నప్పుడు మండల విద్యాశాఖాధికారి దగ్గరకు వెళ్ళి, మా మహల్లాలో ఇందరు పిల్లలు ఉన్నారు, ఇందరు బడి బయట ఉన్నారు అని అడగగలం. పట్టిక లేనప్పుడు చేసేది విన్నపం. పట్టిక ఉన్నప్పుడు చేసేది హక్కు కోసం అడగడం.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగనున్నది. గణకులు వచ్చినప్పుడు ఏ ఇల్లూ ఏ బిడ్డనూ దాచకూడదని జుమా ప్రసంగాల్లో ఇమామ్‌లు చెప్పాలి. మన భాష, మన మతం ఆ పత్రంలో సరిగా నమోదు కావాలని ఎంత పట్టుదలగా చెబుతామో, ఈ మాటనూ అంతే పట్టుదలగా చెప్పాలి.

జకాత్ సేకరించే సంఘాలు అర్హులైన పేద కుటుంబాల బిడ్డల ఆటో ఖర్చును, వినికిడి యంత్రం బ్యాటరీల ఖర్చును తమ జాబితాలో చేర్చే విషయం ఉలమాలతో సంప్రదించి నిర్ణయించుకోవచ్చు. ఒక ఆటో రోజూ నలుగురు పిల్లలను భవిత కేంద్రానికో, బడికో చేర్చితే, నలుగురు తల్లుల చేతులు ఖాళీ అవుతాయి, నలుగురు అక్కలు తిరిగి తరగతికి వెళతారు. మన యాజమాన్యంలోని ప్రతి బడీ, ప్రతి మదర్సా ఈ విద్యాసంవత్సరంలో కనీసం ఒక ఉపాధ్యాయుడినైనా ప్రత్యేక విద్యలో శిక్షణకు పంపాలి. ఆడపిల్లల విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. ఆడపిల్ల, పైగా వైకల్యం, పైగా పేదరికం అనే మూడు తాళాలు పడిన తలుపును ఆమె ఒక్కతే తెరవలేదు.

ఈ దేశంలో మన సంఖ్యను బట్టి మనకు విలువ కట్టవద్దని, మనిషిగా చూడమని డెబ్బై ఏళ్ళకు పైగా అడుగుతున్నాం. అడిగే హక్కు మనకుంది. అదే మాటను మన ఇంటి లోపలి గదిలో నుంచి ఒక బిడ్డ మనను అడుగుతున్నది. 2030 నాటికి ప్రపంచ దేశాలు తమ లక్ష్యాలను ఎంతవరకు చేరుకున్నాయో పెద్దలు తేలుస్తారు. మన మహల్లాలో బడి బయట ఒక్క బిడ్డయినా మిగిలి ఉన్నదా లేదా అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. ఆ లెక్క మొదలుపెట్టడానికి వచ్చే జుమా రోజు చాలు.